లైసెన్సు చూచిన తరువాత

బైలదిలా ఇనుప ఖనిజం అనగానే విశాఖపట్నం రేవుకు సాగే కొత్తవలస–కిరందుల్ రైలుమార్గమే మనకు ముందుగా స్ఫురిస్తుంది. పెద్ద బరువు మోసేది ఆ రైలే. అయినా లారీల మీద తరలిపోయే ఖనిజం కూడ తక్కువేమీ కాదు. బచేలీ, దంతెవాడ, గీదం బజారుల మీదుగా జగదల్‌పూర్ చేరి, కొండగావ్ దాటి, కేశకాల్ ఘాటీ మలుపులు దిగి రాయపూర్ వైపు సాగే లారీల వరుస మన కుటుంబాలకు నిత్యదృశ్యం. మన పిల్లలు బడికి పోయేదీ, ఇంటివారు సంతకు పోయేదీ ఆ రోడ్డు మీదనే. కనుక ఆ స్టీరింగు పట్టిన మనిషిని గూర్చి లారీ యజమానికి ఏమి తెలుసుననే ప్రశ్న మనకు పరాయిది కాదు.

ఈ ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానం ఒక్కటే, లైసెన్సు నకలు. పనిలో చేరిన నాడు తీసుకున్న ఆ కాగితం ఫైలులో పడి ఉంటుంది. చట్టం కూడ యజమానిని అంతకుమించి గట్టిగా అడగలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 5వ సెక్షను, లైసెన్సు లేని వ్యక్తికి బండి అప్పగించరాదని శాసిస్తుంది. అప్పగిస్తే 180వ సెక్షను క్రింద మూడు నెలల వరకు ఖైదు గాని, 2019 సవరణ తరువాత 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. లైసెన్సు చూచి, బండి నడిపించి చూచి, తృప్తి చెందిన యజమాని దాని నిజానిజాల కోసం రవాణా కార్యాలయానికి వెళ్లి విచారించనక్కర లేదని 2003లో లెహ్రూ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు పలికింది. బీమా సొమ్ము ఎవరు చెల్లించాలన్న వివాదంలో వచ్చిన మాట అది. ఒక్క లారీని నమ్ముకుని బ్రతికే చిన్న యజమాని విషయంలో న్యాయమైన మాటే. అయితే అది పనిలో చేర్చుకునే నాటి సంగతి. మరుసటి సంవత్సరం మాటేమిటి?

అమెరికాలో ఈ ప్రశ్నకు నియమమే ఉన్నది. అక్కడి సమాఖ్య రవాణా నిబంధనల ప్రకారం లారీ కంపెనీ ప్రతి డ్రైవరు చరిత్రనూ కనీసం 12 నెలలకొకసారి లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం నుండి తెప్పించుకోవాలి. తెప్పించి ఫైలులో పడవేస్తే చాలదు. ఒక బాధ్యుడు దానిని చదవాలి. అతివేగం, నిర్లక్ష్యం, త్రాగి నడపడం వంటివి ఉంటే వాటికి ఎక్కువ విలువనిచ్చి, ఈ మనిషి ఇంకా లారీ నడపడానికి అర్హుడేనా అని తేల్చాలి. చూచినవారి పేరు, చూచిన తేదీ వ్రాసి పెట్టాలి. ఆ పేరు వ్రాయడంలోనే నియమానికి ప్రాణమున్నదని మా అభిప్రాయం. పేరు పెట్టవలసి వచ్చినవాడు చదవక తప్పదు.

అంత దూరం పోనక్కర లేదు. 1997లో ఢిల్లీ రహదారుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు బడి బస్సుల గూర్చి ఇచ్చిన ఆదేశాలలో ఇదే దృష్టి కనబడుతుంది. ఎర్రదీపం దాటడం వంటి తప్పులకు ఏడాదిలో రెండు సార్లకు మించి చలానా పడినవానిని బడి బస్సు నడపనీయరాదన్నారు. అతివేగానికో, త్రాగి నడిపినందుకో, ప్రమాదకరంగా నడిపినందుకో ఒక్కసారి పట్టుబడినా తగడన్నారు. మంచిదే. కాని బడి బస్సుకు ఎదురుగా వచ్చే ఖనిజం లారీ మాటేమిటి? బస్సులో డ్రైవరు ఎంత జాగరూకుడైనా, ఎదురు బండివాడు కూడ అంతటివాడైతే గదా పిల్లలు క్షేమంగా ఇల్లు చేరేది.

ఇక్కడ ఒక చిక్కున్నది. మన దేశంలో డ్రైవరు చరిత్ర తెప్పించుకున్నా అందులో కనబడేది స్వల్పం. రోడ్డు మీది కెమెరాకు అందేది బండి నంబరు పలకే గాని మనిషి కాదు. చలానా యజమాని పేర వస్తుంది. ఆయన సొమ్ము కడతాడు, లేదా జీతంలో కోసుకుంటాడు. డ్రైవరు లైసెన్సు మాత్రం మచ్చలేకుండా మిగిలిపోతుంది. ఆ డ్రైవరు మరొక యజమాని వద్దకు పోతే, ఈ సంగతి అతనితో పోదు. డ్రైవరు తప్పులకు పాయింట్లు లెక్కకట్టి, 24 నెలలలో 12 దాటితే లైసెన్సు నిలిపివేసే పద్ధతిని 2017 ఆగస్టు 1 నుండి తెలంగాణలో ప్రవేశపెట్టారు. అటువంటిది దేశమంతటా ఒకే తీరున వేళ్లూనలేదు.

కనుక అసలు చరిత్ర ప్రభుత్వ దస్త్రంలో కన్నా యజమాని దగ్గరే ఎక్కువగా ఉన్నది. ఏ రోజు ఏ బండిని ఎవరు నడిపినదీ తెలిసినవాడు ఆయనే. ఒక్కొక్క చలానాకు ఎదురుగా ఆ నాటి డ్రైవరు పేరు వ్రాసుకుంటే సంవత్సరాంతానికి ఒక పుట తయారవుతుంది. కాటా చీటీల మీద బండి బరువు, వేళ ఉంటాయి. రెండు చీటీల నడుమ ఎన్ని గంటలు గడిచాయో చూస్తే డ్రైవరు నిద్రపోయినదీ లేనిదీ ఊహించవచ్చు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అన్నది. దాని స్థానంలో 2025 నవంబరు 21న కొత్త వృత్తి భద్రతా స్మృతి వచ్చినా ఆ 8 గంటల సూత్రం మారలేదు. డీజిలు లెక్క కూడ మాట్లాడుతుంది. అందరికన్నా ఎక్కువ డీజిలు మిగిల్చే డ్రైవరును యజమానులు మెచ్చుకోవడం కద్దు. లోడు బండిని ఘాటీలో న్యూట్రల్‌లో దింపి మిగిల్చినదేమో ఎవరూ అడగరు. గేరు లేక కేవలం బ్రేకు మీద దిగే బండికి బ్రేకులు కాగిపోతే ఏమగునో ఘాట్ రోడ్డు ఎరిగినవారికి చెప్పనక్కర లేదు.

కంటి చూపు సంగతి మరీ ముఖ్యం. రవాణా వాహనాల లైసెన్సు గడువు పూర్వం మూడేళ్లు, 2019 సవరణతో అయిదేళ్లయింది. గని పనులకు వచ్చే డీజిలు, ప్రేలుడు పదార్థాల వంటి ప్రమాదకర సరకుల బండ్లు నడిపేవారికి ఏడాది గడువు మూడేళ్లయింది. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తగ్గినందుకు డ్రైవర్లు సంతోషించారు, అది సహజమే. కాని నలభై అయిదేళ్ల మనిషి కంట శుక్లం అయిదేళ్లు ఆగదు. 40 ఏళ్లు పైబడిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష ఉండాలని కొత్త స్మృతుల సందర్భంగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. లారీ డ్రైవర్లకు అది అందుతున్నదా లేదా అన్నది కాంట్రాక్టరును అడగదగిన ప్రశ్న.

ఈ వార్షిక పరిశీలన డ్రైవరును తొలగించడానికి సాకు కారాదు. అలా అయిన నాడు చిన్న రాపిడి జరిగినా ఎవరూ నోరు విప్పరు, పుట తెల్లగానే ఉంటుంది. వ్రాసినది డ్రైవరుకు చదివి వినిపించాలి, అతని జవాబు కూడ అందులో చేర్చాలి. ట్రిప్పుల ఒత్తిడి పెట్టింది యజమానే అని అతడంటే ఆ మాట కూడ అక్కడే ఉండాలి.

లారీ అసోసియేషన్లతో, కాంట్రాక్టర్లతో ఒప్పందాలు వ్రాసేటప్పుడు బండి ఫిట్‌నెస్, బీమా, పర్మిట్ పత్రాలు అడగడం పరిపాటి. ఆ జాబితాలో డ్రైవరు వార్షిక పరిశీలన పుటను, చూచినవారి సంతకంతో సహా, మరొక పత్రంగా చేర్చవచ్చు. కాటా చీటీలో బండి నంబరు ప్రక్కన డ్రైవరు లైసెన్సు నంబరుకు ఒక గడి ఉంటే, ఆ పుట నింపడం సగం పని తగ్గుతుంది.