పరీక్ష పెట్టకుండా చేర్చుకునే బడి

చెల్పూర్ అనగానే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం గుర్తొస్తుంది. 2010లో 500 మెగావాట్లతో మొదలైన ఆ కేంద్రం 2016లో మరో 600 మెగావాట్లు కలుపుకొంది. భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలోని ఈ ఊళ్లో అంత పేరు రాని ప్రభుత్వ సంస్థ మరొకటి ఉంది. అది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల.

నిజాం కాలంలో పై చదువులు ఎక్కువగా ఉర్దూలోనే సాగేవి. పల్లెలో ఇలాంటి హైస్కూలు ఉండటమే అరుదు. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చాక ఉన్నత పాఠశాలల బాధ్యత జిల్లా పరిషత్తులకు దక్కింది. ఈ బడుల గుణం ఒక్కటే, ఎవరినీ వెనక్కి పంపకపోవడం. ఆరో తరగతిలో చేరడానికి ఎంట్రన్స్ లేదు, ఫీజు లేదు. వలస పోయొచ్చిన కూలీల బిడ్డ ఆగస్టులో వచ్చినా పేరు రాసుకుంటారు.

1971లో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. ఆ బాటలో ఇప్పుడు తెలంగాణలో వెయ్యికి పైగా గురుకులాలున్నాయి. ఎన్నో పేదిళ్లకు అవి వెలుగునిచ్చాయి. అయితే వాటిలో చాలావాటికి ఐదో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష రాయాలి. సీటు రాని పిల్లలకు ఊరి హైస్కూలే దిక్కు.

అలాంటి బడికి సార్లను ఇవ్వడంలోనే జాప్యం. 2017లో 8,792 టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత పూర్తయిన పెద్ద నియామకం 2024 డీఎస్సీ, 11,062 పోస్టులకు. 2017లో ఆరో తరగతిలో చేరిన పిల్ల ఈలోగా ఇంటర్ కూడా ముగించేసింది.

2022లో ‘మన ఊరు - మన బడి’తో భవనాలు, మరుగుదొడ్లు, తాగునీటి పనులు చేపట్టారు. ఆ ఏడాదే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. రెండూ అవసరమే. కానీ ఫిజిక్స్ చెప్పే సారు లేకపోతే తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బడి బస్సెక్కిస్తారు. పిల్లలు తగ్గారని టీచర్ల సర్దుబాటులో (రేషనలైజేషన్) పోస్టు పోతుంది. పోస్టు పోయిందని ఇంకొందరు వెళ్లిపోతారు.

ఈ వరుసను తెంచాల్సింది ప్రభుత్వమే. పిల్లల సంఖ్యతో పని లేకుండా, ప్రతి జిల్లా పరిషత్ హైస్కూలుకూ తెలుగు, హిందీ, ఇంగ్లిష్, గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రాలకు ఒక్కో స్కూల్ అసిస్టెంట్‌ను ఖాయం చేయాలి. ఖాళీ అయిన పోస్టును ఏటా జూన్‌లో బడి తెరిచేలోగా నింపాలి.