మంచు లేని ఊరికి ముప్పు పటం

ఉప్పునుంతలలో మంచుచరియలు విరిగిపడవు. పుష్యమాసపు తెల్లవారుజామున చేల మీద కమ్ముకుని, పొద్దెక్కగానే కరిగిపోయే పొగమంచే మన ప్రాంతానికి తెలిసిన మంచు. అటువంటి ఊరి పేరు ఎత్తుకుని ఆల్ప్స్ పర్వతాల మంచుచరియల గురించి రాయబూనడం మోకాలికీ బోడిగుండుకూ ముడి పెట్టడమేనని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవమని మనవి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆపద ఎక్కడ దిగుతుందో చూపే పటం ఎంత శాస్త్రీయమైనదైనా, భూమి దస్తావేజులో దానికి చోటు లేనంతవరకు అది గోడకు వేలాడే బొమ్మే. ఈ సంగతిని స్విట్జర్లాండు వారు డెబ్బయ్యేళ్ళ కిందట గ్రహించారు. అంతకు చాలాముందే, వేరే పేరుతో, మన రెవెన్యూ లెక్కలకూ ఇది తెలుసు. తెలిసిన దానిని మనం మరచిపోయాం. నా బాధ అది.

మంచుచరియ తనకు తోచినట్లు పడదు. సుమారు 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న చోట పేరుకున్న మంచు పట్టు తప్పి జారుతుంది. లోయ చూపిన దారి వెంట పరుగెడుతుంది. కింద నేల చదునైన చోట ఆగుతుంది. పుట్టే చోటు, పారే దారి, ఆగే చోటు: ఈ మూడింటినీ కొండవాలు కొలతలనుబట్టి, పాత సంఘటనల చరిత్రనుబట్టి, అడవిలో విరిగిన చెట్ల ఆనవాళ్ళనుబట్టి గుర్తించవచ్చు. చిక్కంతా మూడవదానితోనే. మంచు వచ్చి ఆగే చోటే ఇల్లు కట్టుకోవడానికి అనువుగా, చదునుగా, ఎండ తగిలేటట్లు ఉంటుంది. యాభై ఏళ్ళు ఏమీ జరగకపోతే అక్కడ ఆపద ఉందన్న మాట మనుమలు నమ్మరు.

1950-51 చలికాలంలో ఆల్ప్స్ అంతటా మంచుచరియలు విరుచుకుపడ్డాయి. ఒక్క స్విట్జర్లాండులోనే 98 మంది మరణించారు. ఆ దెబ్బతో అక్కడ ఊరూరికీ ముప్పు పటాలు వేయడం మొదలైంది. క్రమంగా వాటికి రంగులు స్థిరపడ్డాయి. తరచుగా చరియ వచ్చే చోటు, లేదా మూడు వందల ఏళ్ళలో ఒక్కసారి వచ్చినా చదరపు మీటరుకు 3 టన్నులకు మించిన ఒత్తిడితో గోడలను పడగొట్టగల చోటు ఎరుపు: అక్కడ కొత్త ఇల్లు కట్టరాదు. అంతకన్నా తక్కువ ముప్పున్నది నీలం: కట్టుకోవచ్చు గాని గోడలు గట్టిగా ఉండాలి, పిలుపు వచ్చిన వెంటనే ఖాళీ చేయగలగాలి. ఈ రంగులు శాస్త్రవేత్తల అలమరాల్లో ఉండిపోలేదు. ఊరి నిర్మాణ ప్రణాళికలోకి ఎక్కాయి. ఇల్లు కట్టడానికి అనుమతి ఇచ్చే గుమాస్తా ముందు అవి పరచి ఉంటాయి.

ఫలితం ఏమిటి? 1999 ఫిబ్రవరిలో మళ్ళీ అటువంటి భయంకరమైన మంచే పడింది. కొండల్లో జనం, యాత్రికులు, రోడ్లు అన్నీ 1951 నాటికంటె ఎన్నో రెట్లు పెరిగిన కాలమది. మృతులు 17 మంది. ఆ తగ్గుదలంతా పటాల పుణ్యమేనని అనను. కొండవాలున కట్టిన అడ్డుకట్టలకూ, వాతావరణ సూచనలకూ, అడవికీ అందులో వాటా ఉంది. అండర్మాట్ అనే ఊళ్ళో, తమ తల మీద ఉన్న అడవిని ఎవరూ నరకరాదని 1397లోనే కట్టడి రాసుకున్నారు. ఆ చెట్లే మంచును పుట్టిన చోటే పట్టి ఉంచుతాయని వారికి అప్పటికే తెలుసు. అడవిని కాపాడటం, ఊరిని కాపాడటం వారి దృష్టిలో రెండు పనులు కావు.

అదే 1999 ఫిబ్రవరి 23న పొరుగున ఉన్న ఆస్ట్రియాలోని గాల్ట్యూర్ గ్రామంలో 31 మంది చనిపోయారు. పటం భద్రమని చూపిన చోట ఉన్న ఇళ్ళను కూడా మంచు కూల్చివేసింది. పటం దైవవాక్యం కాదు. గడచిన కాలపు అనుభవాన్నిబట్టి వేసిన లెక్క. ఆ దుర్ఘటన తర్వాత వారు పటాన్ని చింపి పారేయలేదు. కొలతలను కఠినం చేసి ఎర్ర మేరను పెంచారు. తప్పు దొరికినప్పుడు పంచాంగాన్ని సవరించుకోవాలి గాని, తిథులే లేవనరాదు.

ఇక మన నేల మీదికి వద్దాం.

తెలంగాణ పల్లెల్లో పుట్టినవారికి ‘శిఖం’ అన్న మాట కొత్త కాదు. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే నేల శిఖం. పహాణీలో దానికి ప్రత్యేకమైన గుర్తు ఉండేది. కొన్నిచోట్ల శిఖంలో పట్టాలు కూడా ఉన్నాయి. ఆ పట్టాకు అర్థం ఏమిటంటే, నీరు వెనక్కి తగ్గినప్పుడు దున్నుకోవచ్చు, పండించుకోవచ్చు. నీరు వచ్చినప్పుడు తప్పుకోవాలి. ఇల్లు మాత్రం కట్టరాదు. స్విస్ పటంలోని రంగుకూ దీనికీ తేడా ఎక్కడుంది? ఆపద ఉన్న భూమికి విలువ లేదనలేదు. ఆ భూమిని ఏ పనికి వాడాలో, ఏ పనికి వాడకూడదో తేల్చి, ఆ తీర్పును హక్కు కాగితంలోనే రాశారు. ముప్పు పటం అంటే ఇంతకన్నా ఏముంది? రంగులు లేవు, అంతే.

వేసవిలో శిఖం ఎంత ముచ్చటగా ఉంటుందో చూసినవారికి తెలుసు. చదునుగా, మెత్తగా, రోడ్డుకు దగ్గరగా. వరుసగా నాలుగు కరవులు వస్తే ఆ చెరువు మళ్ళీ నిండుతుందని నమ్మేవాడు ఉండడు. మా పాలమూరు ప్రాంతానికి కరవే అసలు పేరుగా మారిన కాలంలో శిఖంలో హద్దురాళ్ళు పాతడం ఎంత తేలికో వేరే చెప్పాలా? మంచు ఆగే చోట ఇల్లు కట్టుకున్న ఆల్ప్స్ మనుమడి కథా, మత్తడి కింద ప్లాటు కొన్న మన అమాయకుడి కథా ఒక్కటే. రెండు ఆపదల మధ్య విరామం మనిషి జ్ఞాపకం కన్నా పొడవైనది. ఆ లోటును పూడ్చడానికే రాతకోతలు.

ఆ విరామం ముగిసినప్పుడు ఏమవుతుందో మనం చూశాం. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, కృష్ణ కలిసి పొంగినప్పుడు అలంపురం మునిగింది, అవతలి ఒడ్డున కర్నూలు మునిగింది, తుంగభద్ర ఒడ్డున చేనేతకు పేరుపడ్డ రాజోలి ఇళ్ళు నేలమట్టమయ్యాయి. రాజోలి వారికి నదికి దూరంగా కొత్త ఇళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపులు తప్పలేదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు మన డిండి వాగు పొంగి హైదరాబాదు-శ్రీశైలం రహదారిని కోసివేసింది. పుస్తకాల్లో ఈ వాగు పేరు దుందుభి. యుద్ధభేరికి ఉన్న పేరును పెద్దలు ఊరికే పెట్టి ఉండరు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటలుగా కనిపించే వాగుకు ఆ పేరేమిటని నవ్వినవారికి ఆ రెండు రోజులు జవాబు చెప్పాయి.

నీటి సంగతి ఇలా ఉంటే, కొండ సంగతి ఇంకా కఠినం. 2025 ఫిబ్రవరి 22న మన జిల్లాలోనే, అమ్రాబాద్ మండలం దోమలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో దాదాపు 14వ కిలోమీటరు వద్ద పైకప్పు కూలింది. నీరూ బురదా ఒక్కసారిగా విరుచుకుపడి ఎనిమిదిమంది పనివారు చిక్కుకుపోయారు. తర్వాత వారాల తరబడి సాగిన గాలింపులో ఇద్దరి దేహాలే వెలికి వచ్చాయి. వారంతా పొట్టకూటి కోసం ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చినవారు. నల్లమల కడుపులో ఏ రాయి గట్టిదో, ఏ రాయి నెరలు విచ్చినదో తెలుసుకునే అవకాశం వారికి లేదు. 2020లో జరిపిన ఒక పరిశీలన సరిగ్గా ఆ దరిదాపుల్లోనే బలహీనమైన రాతి పొరలూ నీటి ఊటా ఉన్నాయని సూచించినట్లు ప్రమాదం తర్వాత పత్రికలు రాశాయి. అదే నిజమైతే, ఆ కాగితానికి పనిని ఆపగల అధికారం లేకపోయిందన్నమాట.

ఈ ప్రమాదం తర్వాత కొందరు పెద్దలు ఒక వాదం చేశారు. సొరంగం పైన పులుల అభయారణ్యం ఉంది. మధ్యలో బావులు తవ్వి రాతిని పరీక్షించడానికి అడవి చట్టాలు అడ్డు. కనుక అడవే ప్రమాదానికి కారణం అని. ఈ వాదాన్ని నేను ఒప్పుకోలేను. 2025 నవంబరులో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు హెలికాప్టరుకు విద్యుదయస్కాంత పరికరాన్ని వేలాడదీసి అదే అడవి మీద ఎగిరి లోపలి రాతిని పరిశీలించడం మొదలుపెట్టారు. దానికోసం చెట్లు నరకలేదు. పులుల నివాసాన్ని తవ్వలేదు. మరి ఆ హెలికాప్టరు ఎనిమిది ప్రాణాలు పోకముందు ఎందుకు ఎగరలేదు? అడ్డు వచ్చింది అడవి కాదు. పటం ముందు, పునాది తర్వాత అన్న వరుస మనకు అలవాటు కాకపోవడమే అడ్డు.

పటాలు వేసే శక్తి మనకు లేదా అంటే, దేశానికే వేసిపెట్టే సంస్థ హైదరాబాదులో ఉంది. బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం 2023లో భారతదేశపు కొండచరియల పట సంపుటిని వెలువరించింది. 1998 నుంచి 2022 వరకు గుర్తించిన సుమారు 80,000 కొండచరియల వివరాలు అందులో ఉన్నాయి. 147 జిల్లాలకు ముప్పునుబట్టి వరుస కట్టారు. మొదటి స్థానం ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ కూడా 2014 నుంచి దేశవ్యాప్తంగా చరియల ముప్పు పటాలను సిద్ధం చేసింది. ఉపగ్రహానికి కనిపించినది తహసీలుదారుకు కనిపించకపోవడమే మన విషాదం. 2020లో వచ్చిన ధరణిలో గాని, 2025లో దాని స్థానంలోకి వచ్చిన భూభారతిలో గాని సర్వే నంబరు కొడితే యజమాని పేరు చూపుతుంది, విస్తీర్ణం చూపుతుంది. ఆ నేల మీదికి ఎన్నేళ్ళకొకసారి ఎంత నీరు వస్తుందో కూడా అక్కడే, అమ్మకానికి ముందే, కొనేవాడి కంటపడాలని నా కోరిక.

ఇందుకు ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఎర్ర రంగు పడిన మరుక్షణం పేదవాడి రెండెకరాల ధర పడిపోతుంది. పలుకుబడి గలవాడు రంగు మార్పించుకుంటాడు. నిజమే. నల్లమలలో చెంచుల అనుభవం ఇంకా చేదుగా ఉంది. అడవిని కాపాడాలన్న పేరుతో వారిని పెంటల నుంచి బయటికి రమ్మంటారు. అదే అడవిలో 2019లో యురేనియం అన్వేషణకు కేంద్ర సలహా సంఘం సూత్రప్రాయంగా తల ఊపింది. జనం లేచి నిలబడ్డాక, ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. బలహీనుడికి ఎరుపు, బలవంతుడికి పచ్చ అయితే అటువంటి పటం లేకపోవడమే మేలు.

కాబట్టి పటంతోపాటు మూడు నియమాలు ఉండాలంటాను. ఒకటి: నిషేధం వాడకం మీదనే గాని హక్కు మీద కాదు. శిఖం పట్టాదారు దున్నుకున్నట్లే ఎర్ర మేరలోని రైతు సాగు చేసుకోవాలి. ఇల్లు కోల్పోయేవాడికి మెరక మీద స్థలం ముందు చూపి, తర్వాతే కదలమనాలి. రెండు: పటం గ్రామసభలో, తెలుగులో, గోడ మీద అందరికీ కనపడేటట్లు ఉండాలి. ఏ వాన కాలం నీరు ఎంతదాకా వచ్చిందో చెప్పగల ముసలివారు, ఏ బోడు జారుతుందో ఎరిగిన చెంచులు దానిని సరిదిద్దాలి. వారి మాటకు ఉపగ్రహ చిత్రంతో సమానమైన విలువ ఉండాలి. మూడు: ఎగువ అడవిని కూడా రక్షణ కట్టడంగానే లెక్కించాలి. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ అడవి పులుల కోసమే ఉందనుకుంటున్నాం. వానను నెమ్మదిగా దించి, మట్టిని పట్టి ఉంచే పని కూడా అది జీతం లేకుండా చేస్తోంది. అండర్మాట్ వారికి 1397లో తెలిసిన లెక్క ఇదే.

మంచు మనకు దూరమని మొదట అన్నాను. పూర్తిగా దూరమూ కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచుచరియ కింద పడి అసువులు బాసిన మద్రాసు రెజిమెంటు సైనికుల్లో ఒకరు కృష్ణ అవతల కర్నూలు జిల్లావారు. సరిహద్దు కాపలాకు వెళ్ళినవాడికి నిలబడే చోటును ఎంచుకునే వీలుండదు. ఇల్లు కట్టుకునే మనకు ఉంది. ఆ ఎంపికను కళ్ళు తెరచి చేయనిచ్చే కాగితం ఒక్కటి కావాలి.

ఈ టపా చదివిన మిత్రులు తమ తమ ఊళ్ళలో శిఖానికీ, లంకకూ, పోరంబోకుకూ ఉన్న పాత పేర్లనూ, కట్టుబాట్లనూ వ్యాఖ్యలుగా రాస్తే సంతోషిస్తాను. కోస్తావారి ఏటి లంకలకూ, రాయలసీమ వంకలకూ ఇటువంటి కట్టడులు ఉండే ఉంటాయి. ఆ మాటలు పోతే వాటితోపాటు హెచ్చరికలూ పోతాయి.