కొత్త అంజికి చోటిద్దాం

2020 ఉగాది నాడు జీ5లో ‘అమృతం ద్వితీయం’ మొదలైనప్పుడు మన గదిలో రెండు పార్టీలయ్యాయి. కరోనా రోజులు, క్యాంపు దాటే వీల్లేదు. ఒక్క ఫోన్ చుట్టూ ఆరుగురం చేరి చూశాం. ‘పాత రోజులు మళ్లీ వచ్చాయి’ అన్నవాళ్లు కొందరు. ‘ఆ అంజి లేని అమృతం ఏం అమృతం’ అని లేచిపోయినవాళ్లు కొందరు.

వాళ్ల బాధ అర్థమయ్యేదే. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన ‘అమృతం’ను ఊళ్లో ఇంటిల్లిపాదితో కూర్చుని చూసినవాళ్లం. అమృతరావు వేషంలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారినా సర్దుకున్నాం. అంజి మాత్రం గుండు హనుమంతరావే. 2018లో ఆయన పోయారు. కొత్తదాంట్లో ఆ వేషం ఎల్.బి.శ్రీరాం వేశారు.

మన దగ్గరా ఇంతే కదా! ఏళ్ల తరబడి కలిసి వండుకు తిన్న అన్న ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోతాడు. ఆ మంచం మీదికి కొత్త తమ్ముడొస్తాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే చాలు, ‘ఆ అన్న ఉంటేనా...’ అంటాం. తమ్ముడు తల దించుకుంటాడు.

పోయినవాళ్లను తలుచుకుందాం, తప్పులేదు. వచ్చినవాడి మాటకు నవ్వొస్తే మాత్రం ఆపుకోవద్దు.