ఆడ ఫైటరు చేపల సహవాసము

ఈ మాసము మాకు వచ్చిన జాబులలో మమ్ము మిగుల నాలోచింపజేసినది ఒక సోదరి వ్రాసిన చిన్న లేఖ. కుమార్తె ముచ్చటపడగా నామె నాలుగు ఆడ ఫైటరు చేపలను కొని, పదునైదు లీటర్ల నీరు పట్టు గాజుతొట్టిలో విడిచినదట. "మగవియే పోట్లాడును, ఆడవి సాధువులు, ఎన్నిటినైనను ఒకచోట నుంచవచ్చును" అని యమ్మినవాడు చెప్పెనట. మూడవనాటికి ఒకదాని తోక చినిగి పీలికలైనది. అది మేత ముట్టక, నీటిపైభాగమున నొక మూల నక్కియున్నది. "నాలుగు దినములలో అవియే సర్దుకొనునా, లేక వేఱుచేయవలయునా?" యని యామె ప్రశ్న.

ఆ పూటయే వేఱుచేయుమని వెంటనే జాబు వ్రాసితిమి. కాని యిట్టి తొట్లు నేడు పెక్కిండ్ల నున్నవి. ఇట్టి మాటలు చెప్పి యమ్మువారును పెక్కురున్నారు. కావున నీ విషయము నిచ్చట కొంత విస్తరించుచున్నాము.

ఈ చేప పుట్టినిల్లు థాయిలాండు. పూర్వము దానిని సయామనుచుండిరి. అచ్చటి వరిమళ్లలోను, లోతులేని కుంటలలోను, మందముగా పాఱు కాలువలలోను, దట్టమైన నాచు నడుమ నిది బ్రదుకును. ఆ దేశీయులు దీనిని ప్లాకాత్, అనగా కఱచుచేప, అందురు. 1910లో రీగనను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనికి బెట్టా స్ప్లెండెన్సను పేరిడెను. 2019లో థాయిలాండు ప్రభుత్వము దీనిని తమ జాతీయ జలచరముగా ప్రకటించినది. మనవారు కోళ్లను పెంచినట్లే, అచ్చటివారు పందెములకై పోరుబుద్ధి గలవానినే యేఱి తరతరములుగా పెంచిరి. ఆ బుద్ధి కొడుకులకే గాక కూతులకును సంక్రమించినది. అంగడిలో మనము కొను రంగురంగుల చేపలన్నియు నిట్లు మనుష్యుల పెంపకమున వచ్చినవే.

ఈ మాట విన్నంతనే "రెండు కొప్పులొకచోట నిముడవు గదా!" యని నవ్వువారు కలరు. ఆ సామెతను మేమంగీకరింపము. రెండు మగచేపల నొకతొట్టిలో విడిచిన, ఒక్కొక్కప్పుడొకటి చచ్చువఱకును పోరు సాగును. ఆడచేపల కలహమునకు ఆడతనము కారణము కాదు. చోటు చాలమి కారణము. వరిమడిలో నోడినచేప నాచుచాటునకు పాఱిపోవును. అంతటితో జగడము తీఱును. చిన్నతొట్టిలో పాఱిపోవుటకు దిక్కేది? ఓడినది రేయింబవళ్లు గెలిచినదాని కన్నులయెదుటనే యుండవలయును. దెబ్బ చిన్నదే యైనను, ఎడతెగని భయమున మేత మాని, కృశించి, రోగము తగిలి చచ్చును. భాగవతమున సత్యవ్రతుని చేతజిక్కిన చేపపిల్లకు నోరుండెను గనుక, కమండలువు చాలదు, పెద్దతావు చూపుమని యడుగగలిగెను. ఈ చేపలకా భాగ్యము లేదు.

మఱియొక భ్రమ కలదు. ఈ చేప మొప్పలతోనే గాక, తలలోనుండు నొక ప్రత్యేకావయవముతో గాలిని గూడ పీల్చుకొనును. అందుకై మాటిమాటికి పైకివచ్చును. దీనిని జూచి, గుక్కెడు నీటనైనను బ్రదుకునని సీసాలలో నుంచుదురు. గాలి పైనుండి వచ్చిన మాట నిజమే. కాని చేప విసర్జించిన మలినమునుండి పుట్టు అమోనియా యెచ్చటికి పోవును? నీరెంత కొంచెమైన విషమంత త్వరగా ముదురును. ఒక్క చేపకే పది పదునైదు లీటర్లుండుట మేలు. నాలుగింటి కది చాలునన్నవాడు అమ్మకమే యెఱుగును గాని చేపల నెఱుగడు.

అయినను కొన్నిటిని కలిపి పెంచవలెనను కోరిక యుండునేని, డెబ్బదియైదు లీటర్లకు తగ్గని తొట్టి కావలయును. ఎత్తుకంటె పొడవెక్కువగా నుండుట మంచిది. రెండు మూడు చేపలకంటె ఐదాఱుండుటయే మేలు. గయ్యాళి యొక్కదానినే పట్టి పీడింపక, దాని కోపము పలువురిమీద పంచుకొనబడును. ఒకే ఈనిక పిల్లలై, కలసి పెరిగినవి దొరకిన మఱియు మంచిది. అన్నిటి నొకేసారి విడువవలయును. ముందున్నది తొట్టి యంతయు తనదే యనుకొని, వెనుక వచ్చినదానిని కరచును. తొట్టిలో హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మొక్కలను ఒకకొననుండి మఱియొక కొన కానరానంత దట్టముగా నాటుడు. కొబ్బరిచిప్పలను ఉడికించి, అంచులు నునుపుచేసి బోర్లించిన మంచి మఱుగులగును. నీటివేడిమి 24 నుండి 28 డిగ్రీలలో నుండవలయును. ఫిల్టరునందు అమోనియాను హరించు సూక్ష్మజీవులు నెలకొనుటకు నాలుగైదు వారములు పట్టును. అంతవఱకు చేపలను కొనకుండుటకు ఓరిమి కావలయును. పిల్లలున్న యింట నిది కష్టమే.

కొనునప్పుడొక జాగ్రత్త. తోక పొట్టిదైనంత మాత్రమున ఆడదని నమ్మరాదు. పొట్టి రెక్కల మగజాతియు కలదు, లేతవయసు మగవి మఱియు మోసగించును. ఆడదాని పొట్టక్రింద చిన్న తెల్లని చుక్క యుండును. గ్రుడ్లు వచ్చు మార్గమది. ప్రసంగవశమున నొక మాట: నీటిపై బుడగలగూడు కట్టి, గ్రుడ్లను నోటితో తెచ్చి యందుంచి, కావలికాయువాడు ఈ జాతిలో తండ్రియే. పాఠకురాండ్రు దీనిని తమ యింటివారికి చదివి వినిపింపవచ్చును.

విడిచిన మొదటి దినములలో మొప్పలమూతలు విప్పి బెదరించుటయు, ఒక్కనిమిషము తఱుముటయు వింత కాదు, పెద్దఱికము తేల్చుకొనుచున్నవి. రెక్క చినిగినను, పొలుసు లూడినను, ఒక్కటి మేతకు రాకున్నను, భయమున మేనిపై తలనుండి తోకకు అడ్డుచారలు పడినను, ఇక వేచియుండరాదు. అందుకై వేఱొక పాత్ర చేపలను కొనకముందే సిద్ధముగా నుండవలయును. ఆఱునెలలు శాంతముగా నున్న తొట్టిలోగూడ నొకనాడు కలహము పుట్టుట కలదు. దినదినమును మేతవేళ చేపలను లెక్కించుట యలవఱచుకొనుడు.

చినిగిన రెక్క శుభ్రమైన, వెచ్చని నీటిలో దానంతటదియే మొలచును. అంచున పలుచని, రంగులేని పొర కనబడిన నది క్రొత్తగా వచ్చు రెక్క. బూజని భ్రమించి మందులు పోయకుడు. కుళాయినీటిని క్లోరిను హరించు మందు కలిపిన పిదపనే వాడుడు.

చిన్నతొట్టి యొక్కటే యున్నవా రొక్క ఆడచేపనే పెంచుడు. అది మేతపెట్టు చేతిని గుర్తెఱిగి గాజునొద్దకు వచ్చును. పిల్లల కావేడుక చాలును. మిగిలినవానిని జాలిపడి ఊరి చెఱువులో విడువరాదు. ఇవి మన నీటివి కావు; చచ్చినను, బ్రదికి పిల్లలు పెట్టినను, రెండును కీడే. కొన్న యంగడికి మరల నిచ్చుటయో, ఒక్కొక్కదానికొక తొట్టి యుంచగల యిండ్లకు పంపుటయో చేయుడు.