పాత క్వాలిస్‌కి ముందు బెల్టు, తర్వాత సోకు

బోనసు చేతికొచ్చే రోజుల్లో మన మాన్విలో పాత బళ్ల బేరాలు ఊపందుకుంటాయి. అందులో క్వాలిస్ అంటే మనవాళ్లకి ప్రాణం. ఇల్లంతా ఒక్క బండిలో మంత్రాలయం వెళ్లిరావచ్చు. పెళ్లిళ్ల కాలంలో క్యాంపు నుంచి క్యాంపుకి చుట్టాల్ని చేరవేయొచ్చు. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు నన్ను ఒకే మాట అడిగారు. "అన్నా, పాత క్వాలిస్ తీసుకున్నా. ఇంటి దగ్గరే రెడీ చేసుకుంటా. ముందు ఏం మార్చాలి?" వాళ్లు రాసుకున్న చీటీల్లో అలాయ్ చక్రాలున్నాయి, పెద్ద లైట్లున్నాయి, మ్యూజిక్ సిస్టం ఉంది. ఒక్క చీటీలోనూ టైమింగ్ బెల్టు లేదు. ఈ నెల దాని గురించే చెప్పుకుందాం.

క్వాలిస్‌ను టయోటా కిర్లోస్కర్ వాళ్లు బెంగళూరు దగ్గర బిడదిలో తయారుచేశారు. ఇండోనేషియాలో కిజాంగ్ అనే పేరుతో తిరిగిన బండే దీనికి మూలం. మన రోడ్ల మీదికి 2000లో వచ్చింది. 2005లో ఇన్నోవా రావడంతో దీని కాలం అయిపోయింది. కాబట్టి మీరు కొనే క్వాలిస్ ఎంత మెరుస్తున్నా ఇరవై ఏళ్ల బండే అనుకోండి. డీజిల్ రకంలో ఉండేది 2,446 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజను. టర్బో లేదు. డీజిల్ పంపు పాతకాలపు మెకానికల్ పంపు. పానా పట్టడం తెలిసినవాడికి ఈ ఇంజను అర్థమవుతుంది. మన మిల్లు ఫిట్టర్లకి ఇది నచ్చడానికి కారణం అదే.

అయితే మిల్లు బెల్టుకీ దీని బెల్టుకీ ఒక తేడా ఉంది. మిల్లులో బెల్టు వదులైతే ముందు జారుతుంది. రబ్బరు కాలిన వాసన వస్తుంది, చప్పుడు మారుతుంది. మనం మెషిను ఆపి బిగించుకుంటాం. టైమింగ్ బెల్టుకి పళ్లుంటాయి. అది జారదు, వాసనా రాదు. నిన్నటిదాకా బాగా నడిచిన బండిలోనే ఒకరోజు పళ్లు ఊడిపోతాయి, లేదా బెల్టు తెగిపోతుంది. క్రాంకు తిరుగుడును క్యాం షాఫ్టుకీ, డీజిల్ పంపుకీ అందించేది ఆ బెల్టే. అది తెగితే వాల్వులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, పిస్టను మాత్రం పైకొచ్చి వాటిని కొడుతుంది. వాల్వులు వంగిపోతాయి, ఒక్కోసారి హెడ్డుకే దెబ్బ తగులుతుంది. బెల్టు మార్పించే ఖర్చు జీతంలో ఎలాగో సర్దుకోవచ్చు. హెడ్డు విప్పే పని పడిందంటే ఇంట్లో గాజులు తాకట్టుకి పోతాయి.

ఈ ఇంజనుకి లక్ష కిలోమీటర్లకొకసారి బెల్టు మార్చాలి. పాత బండిలో మీటరు చూపించే అంకెను నమ్మడానికి లేదు. అమ్మినాయన బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే లెక్క వేసుకోండి. బెల్టుతోపాటు టెన్షనర్ బేరింగును తిప్పి చూడండి, గరగరమంటే అదీ మార్చాలి. ఆయిల్ సీలు కారి బెల్టు మీద నూనె పడుతుంటే, కొత్త బెల్టు కూడా ఎక్కువ రోజులు ఉండదు. ముందు సీలు సంగతి చూడాలి.

చెయ్యి తిరిగినవాళ్లు ఈ పని ఇంట్లో చేసుకోగలరు. పాత బెల్టు తీసేముందు క్రాంకు, క్యాము, పంపు పుల్లీల గుర్తులు సరిపెట్టుకోవాలి. కొత్తది వేశాక సెల్ఫు కొట్టకండి. క్రాంకును పానాతో, అది తిరగాల్సిన వైపే, నిదానంగా రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయా లేదా చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టొద్దు, గుర్తులు తప్పాయన్నమాట. అనుమానం ఉంటే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

బెల్టు తర్వాత చూడాల్సింది వేడి. ఈ ఇంజను బాగా వేడెక్కితే హెడ్డు పగులుతుంది. మన బళ్లు ఊక దుమ్ములో, కాలవ గట్ల మీద తిరిగేవి. ఆ దుమ్ము రేడియేటర్ సందుల్లో కూరుకుపోతే గాలి ఆడదు. బ్రష్షుతో, నీళ్లతో మెల్లగా కడిగి సందులు తెరవండి. లోపల బోరు నీళ్లు పోస్తే పొలుసు కడుతుంది, కూలెంటే పొయ్యండి. వేడి మీద మూత తియ్యకండి, ఆవిరి మొహం మీదికి చిమ్ముతుంది. ఎయిర్ ఫిల్టరును మన మిల్లు ఆవరణలో నిలబెట్టే బళ్లకి తరచుగా విప్పి చూడాలి.

బండి కిందకి దూరే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. జాకీ బండిని లేపడానికి మాత్రమే, నిలబెట్టడానికి కాదు. చక్రాలకి అడ్డు పెట్టి, గట్టి నేల మీద ఛాసిస్ కింద స్టాండ్లు వేసిన తర్వాతే కిందకి వెళ్లండి. ఇటుకలు పెడితే పగిలిపోతాయి. పిల్లల్ని బండి దగ్గరికి రానియ్యొద్దు.

ఇక మార్పుల సంగతి. సీటు కవర్లు, మ్యాట్లు, పాటల పెట్టె మీ ఇష్టం. ఇంజను మార్చడం, బాడీ కోసి అతికించడం, వెనకాల కొత్త సీట్లు బిగించడం మాత్రం ఇంటి పనులు కావు. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టరు చెయ్యకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, దానికి బండిని ఆర్టీవో వాళ్లకి చూపించాలి. వెనక కమాన్లకి ఇంకో పట్టా వేసుకుని ఎక్కువ మందిని ఎక్కిద్దామనుకుంటారు కొందరు. కమాను బరువు మోస్తుందేమో, బ్రేకులు మాత్రం పాతవే కదా. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో రాసిన సీట్లెన్ని, బండిలో ఎక్కినవాళ్లెందరు అని ఇన్సూరెన్సు వాళ్లు లెక్క అడుగుతారు.

పెద్ద లైట్ల మోజు కూడా ఉంది. 60/55 వాట్ల బల్బుకి వేసిన వైరుకి 100 వాట్ల బల్బు తగిలిస్తే వైరు కాగుతుంది. ఫ్యూజు పోయిన చోట రాగి తీగ చుట్టామంటే నిప్పుని ఇంట్లోకి పిలిచినట్టే. ఎదురొచ్చే ట్రాక్టరు డ్రైవరు కళ్లు బైర్లు కమ్మడం వేరే. ఉన్న లైటు అద్దం మసకబారితే పాలిష్ పట్టించండి, ఎర్తు తీగ తుప్పు గీకండి. వెలుతురు చాలావరకు తిరిగొస్తుంది.

బండిలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ తారీకున, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం మార్చారో రాయండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకొకసారి మార్చాలని అందులో మొదటి పేజీలోనే రాసుకోండి. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న బెల్టు గురించే అయితే, ఆ పేజీ తీసి చూపించొచ్చు.

బోనసులో మొదటి వాటా బెల్టుకి, తర్వాత రేడియేటరుకి, బ్రేకులకి. ఇంకా మిగిలితే మ్యూజిక్ సిస్టం పెట్టించుకోండి, మంత్రాలయం దారిలో పాటలు వింటూ పోదాం.