నేడు నగదు – రేపు అరువు



మన పల్లెల కిరాణా కొట్లలో ఒకప్పుడు తప్పక కనిపించిన పలక ఒకటుంది: "నేడు నగదు – రేపు అరువు". రేపు అనేది ఎన్నడూ రాదు గనుక అరువూ ఎన్నడూ దొరకదు. కొనేవాని మనసు నొప్పించకుండా, అమ్మేవాని సరుకు మునగకుండా నాలుగు మాటల్లో ఇమిడిన వ్యాపారనీతి అది. విహారనౌకల్లో ఈ నీతి తలకిందులైంది. అక్కడ నేడు అరువు, దిగే ముందు నగదు. ఆ నగదును నోట్ల రూపంలో ఇస్తామన్నా, డెబిట్ కార్డుతో ఇస్తామన్నా కొన్నిచోట్ల మొగం చిట్లిస్తారు. ఈ టపా ఆ చిట్లింపును గురించి.

కొండల నడుమ పాచిపెంటలో ఉన్నవానికి ఓడల ముచ్చట దేనికని అడుగుతారేమో. 2022 జూన్‌లో విశాఖ రేవుకు విహారనౌక వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. విశాఖ మాకు పూట ప్రయాణం. ఇప్పుడు మా ప్రాంతపు విశ్రాంత ఉద్యోగుల కోరికల జాబితాలో కాశీ, రామేశ్వరాల సరసన సముద్రయానం కూడా చేరింది.

పద్ధతి స్థూలంగా ఇది. టిక్కెట్టులో గదీ భోజనమూ ఉంటాయి. పానీయాలు, ఫొటోలు, మర్దన, వైఫై, రేవుల్లో దిగి చూసే విహారాలు వేరు. చాలా ఓడల్లో సేవారుసుమును రోజుకింతని తామే కలుపుతారు. ఎక్కగానే చేతికొక కార్డు ఇస్తారు. ఏది కొన్నా దాన్ని చూపడమే, రొక్కం కనిపించదు. పద్దు పెరుగుతుంది, చివరి రాత్రి లెక్క తేలుతుంది. ఆ ఖాతాకు పూచీగా క్రెడిట్ కార్డు అడుగుతారు. అది లేనివారు కౌంటరులో నగదు ధరావతు కట్టవచ్చు. అది అయిపోతే మళ్ళీ కట్టాలి, మిగిలితే దిగే ముందు తిరిగి తీసుకోవాలి. డెబిట్ కార్డు విషయంలో ఓడ ఓడకూ నియమం మారుతుంది.

చిక్కంతా డెబిట్ కార్డుతోనే. పూచీగా ఇచ్చిన కార్డుమీద కొంత మొత్తాన్ని ముందుగానే బిగించి ఉంచుతారు. క్రెడిట్ కార్డయితే బిగిసేది బ్యాంకువారు ఇచ్చిన పరిమితి మాత్రమే. డెబిట్ కార్డయితే బిగిసేది మన సొంత డబ్బు. అసలు బిల్లు చెల్లించాక కూడా ఆ బిగింపు సడలడానికి కొన్ని దినాలు పట్టవచ్చు. నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు సతీసమేతంగా ఒక ఓడ ఎక్కి వచ్చారు. బిల్లు స్వల్పమే, ఆ దంపతులు కాఫీ తప్ప మరేమీ ముట్టనివారు. ఇంటికి చేరి మందులకోసం సాలూరు ఏటీఎంకు వెళ్తే పింఛను ఖాతాలో చాలినంత లేదని చీటీ వచ్చింది. డబ్బు ఎక్కడికీ పోలేదు, వారం తిరగకుండానే విడుదలైంది. కాని ఆ వారం ఆయన మందుల కొట్టులో అరువు పెట్టవలసి వచ్చింది. జీవితంలో అరువెరుగని మనిషి ఆయన.

"ఓడెక్కేవారికి ఈ చిల్లర లెక్కలేమిటి" అని కొందరనవచ్చు. నేను ఒప్పుకోను. జీవితమంతా కూడబెట్టి ఒక్కసారి సముద్రం చూడవచ్చినవానికి లెక్క మరింత అవసరం. ఇక ఫోన్‌తో చెల్లింపుల మాట. 2016లో వచ్చిన యూపీఐ ఇప్పుడు మా సంతలో కొండచీపుళ్ళ బేరం దాకా వచ్చింది, సంతోషమే. అయితే పైనున్న గూడేలలో సిగ్నల్ అందని చోట నోటే మాట్లాడుతుంది. నడిసముద్రమూ అటువంటి గూడెమే. అక్కడ ఓడవారి వైఫై కొంటే గాని ఫోను పలకదు. చెల్లించడానికే ముందు చెల్లించాలన్నమాట!

ఖాతా అనే మాట వింటే మా ప్రాంతంవారికి ఉలికిపాటు సహజం. చింతచెట్టు పూతమీద ఉండగానే కాపును షావుకారు పద్దులో జమకట్టుకున్న రోజులు ఈ కొండలకు తెలుసు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడిందీ, 1960లో ఏజెన్సీ వడ్డీవ్యాపారంపై ప్రత్యేక నిబంధనలు వచ్చిందీ అటువంటి పద్దుల బాధ తొలగించడానికే. ఓడకూ పద్దుకూ బంధుత్వం కూడా పాతదే. పందొమ్మిదో శతాబ్దం చివరినుండి 1930ల దాకా విశాఖ, భీమునిపట్నం, కాకినాడ రేవులనుండి వేలాది తెలుగువారు రంగూన్ స్టీమర్ల డెక్కుమీద వెళ్ళారు. ఎందరికో టిక్కెట్టు మేస్త్రీ ఇచ్చిన బయానా. దిగాక కూలిలోంచి ఆ బాకీ కోతపడేది. వారి కష్టమూ నేటి విహారమూ ఒకటని నేననడం లేదు. ఖర్చు కంటికి కనపడకుండా పద్దులో పెరిగితే పద్దు రాసేవాడే బలవంతుడవుతాడని మాత్రం అంటున్నాను.

ఓడవారి పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. వందలమందికి చిల్లర లెక్కపెట్టడం, నోట్లు భద్రపరచడం చిన్న పని కాదు. జేబులో రొక్కంతో తిరగడం ప్రయాణికునికీ ప్రమాదమే. అందుచేత కార్డు వద్దనను. నగదు ధరావతు కట్టేవానిని రెండో తరగతి మనిషిగా చూడవద్దంటాను. డెబిట్ కార్డుమీద ఎంత బిగిస్తారో, ఎన్నాళ్ళకు విడుస్తారో టిక్కెట్టు అమ్మేటప్పుడే చెప్పాలి. ప్రతిరాత్రీ పద్దు చీటీ గదికి పంపాలి. విశాఖనుండి కదిలే ఓడలో ఆ చీటీ తెలుగులో కూడా ఉండాలి.

వెళ్ళదలచినవారికి నా సలహా: పింఛను ఖాతా కార్డును పూచీగా ఇవ్వకండి. వేరొక ఖాతాలో ఖర్చుకు సరిపడా వేసుకొని దాని కార్డు తీసుకెళ్ళండి, లేదా నగదు ధరావతు కట్టండి. విదేశీ రేవులకు పోయేవారు కార్డుకు అంతర్జాతీయ వాడకం తెరిపించుకోండి. 2020నుండి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడుకకు మాత్రమే తెరిచి ఇస్తున్నారు. చివరి రాత్రి వరుస పొడుగ్గా ఉంటుంది కనుక ఆనాటి మధ్యాహ్నమే పద్దు చూసుకోండి. సేవారుసుము ముందే కలిసిందో లేదో అడిగి, ఆ తరువాతే చేతికి బహుమానం ఇవ్వండి.

అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. కొట్టువాడు పలక కట్టి మరీ చెప్పిన మాటనే మనం నోటితో చెబుతున్నాం. ఓడ ప్రయాణం చేసిన మిత్రులు తమ అనుభవం కూడా తెలియజేస్తే మా ఊరి పెద్దలకు చదివి వినిపిస్తాను.

స్వస్తి.