ఇల్లు చక్కబెట్టుకోమంటే అవిశ్వాసమా?



ఈ వారం నేను రాసేది కొందరికి కోపం తెప్పించవచ్చు. అందుకే ముందు నా తప్పు ఒప్పుకొని మొదలుపెడతాను.

మన సంఘపు సహోదరి ఒకామె, క్యాన్సర్ ముదిరాక, హైదరాబాద్ పాతబస్తీలో ఫలక్‌నుమా దగ్గర కొడుకు అద్దె ఇంట్లో ఉండేది. చూడటానికి వెళ్తే కొడుకు నన్ను మెట్ల దగ్గరే ఆపాడు. "అయ్యగారూ, ఇక నయం కాదని డాక్టర్లు చెప్పేశారు. అమ్మకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేదు" అన్నాడు. సరేనన్నాను. లోపలికి వెళ్లగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అయ్యగారూ, మీరైనా నిజం చెప్పండి. నేను బతుకుతానా?"

"విశ్వాసముంచమ్మా, దేవుడు కార్యం చేస్తాడు" అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా ముఖం తిప్పుకుంది. ప్రియులారా, ఆ రోజు నా నోట వచ్చింది విశ్వాసం కాదు, పిరికితనం.

మూడు వారాలకు ఊపిరి ఆడక ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, ఆమె ఏం కోరుకుందో ఎవరికీ తెలియదు. ఐదు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. ఉన్న ఎకరం మీద అప్పు పడింది. ఏళ్లుగా మాటల్లేని చిన్న కూతురు పరుగున వచ్చేసరికి తల్లి గొంతులో గొట్టం ఉంది. ఆ తల్లీకూతుళ్లు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేకపోయారు. అప్పు ఎప్పటికో తీరుతుంది. ఈ లోటు తీరదు.

అదే గల్లీలో రెండిళ్ల అవతల ఒక ముస్లిం పెద్దాయనకూ అదే జబ్బు. కొడుకులు ఆయనకు నిజం చెప్పారట. ఎవరికి ఎంత బాకీయో రాయించాడు. ఇరుగుపొరుగును పిలిచి "కహా సునా మాఫ్" అన్నాడు, అంటే నేనేమైనా అని ఉంటే మన్నించండి అని. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇచ్చిన మార్ఫిన్ మాత్రలతో నొప్పి అదుపులో ఉండేది. తన మంచం మీదే, తనవాళ్ల మధ్య కన్నుమూశాడు. ఇదంతా మన సహోదరి కొడుకే నాకు ఏడుస్తూ చెప్పాడు. పొరుగింటాయన సిద్ధపడి వెళ్లాడు. నిత్యజీవం గురించి ప్రతి ఆదివారం పాడే మనం మాత్రం చావు మాట ఎత్తడానికే భయపడ్డాం.

"చావు గురించి ముందే మాట్లాడితే అవిశ్వాసం" అనేవాళ్లు హిజ్కియాను చూపిస్తారు. ప్రార్థించాడు, 15 ఏళ్లు ఆయుష్షు పొందాడు, నిజమే. కానీ దానికి ముందు ఏం జరిగింది? దేవుడు యెషయాను పంపి, నీవు చనిపోబోతున్నావు, ఇంటి సంగతులు చూసుకో అని సూటిగా చెప్పించాడు. ముందు నిజం చెప్పారు, తర్వాతే కన్నీటి ప్రార్థన వచ్చింది. యెషయా కూడా నాలాగే మెట్ల దగ్గర ఆగి ఒప్పందం చేసుకుని ఉంటే హిజ్కియా దేని గురించి ప్రార్థించేవాడు? యాకోబు కొడుకులందరినీ పిలిచి, దీవించి, తనను ఎక్కడ పాతిపెట్టాలో కూడా చెప్పాడు. మన ప్రభువు సిలువ మీద ఉండి తల్లిని శిష్యుడికి అప్పగించాడు. అది అవిశ్వాసమా?

"చెబితే కుంగిపోతారు" అంటారు. రోగికి తన ఒళ్లే చెబుతుంది, అయ్యా. మనం దాస్తే ఆ సంగతి ఆమెకు తెలియకుండా పోదు. ఆమె దాన్ని ఒంటరిగా మోయాల్సి వస్తుంది. తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లను బలవంతపెట్టకండి. అడిగినవాళ్లతో మాత్రం అబద్ధం ఆడకండి.

ఇంకొందరు మార్ఫిన్ అంటే మత్తుమందు, పాపం అంటారు. డాక్టరు లెక్క ప్రకారం ఇస్తే అది క్యాన్సర్ నొప్పికి మందు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఆసుపత్రులకే అది దొరకడం కష్టమైంది. 2014 సవరణ ఆ ఇబ్బందిని తగ్గించింది. చట్టం సడలించినా మనం బిగించుకుని కూర్చుంటే ఎలా? మంచి సమరయుడు గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు. నొప్పి ఓర్చుకోమని ప్రసంగం చేయలేదు. జబ్బు నయం కాకపోయినా నొప్పి, ఆయాసం తగ్గించే ఈ వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. మన తెలంగాణలో "ఆలన" పేరుతో ఇంటికి వచ్చి చూసే ప్రభుత్వ సేవ కూడా ఉంది. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

చట్టం సంగతీ తెలుసుకోండి. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చింది. 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులువు చేసింది. ఇప్పుడు మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లనక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. మన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో రాయవచ్చు. అమలు చేసే ముందు రెండు వైద్య బృందాలు పరిశీలిస్తాయి. ఇది ఆత్మహత్య కాదు. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం ఇప్పటికీ నేరమే.

కాగితం కంటే ముందు మాట కావాలి. అమ్మను అడగండి: ఇంట్లో ఉంటావా, ఆసుపత్రికి వెళ్తావా? నీ తరఫున ఎవరు మాట్లాడాలి? ఏది వద్దు? ఎవరిని చూడాలని ఉంది?

తోటి కాపరులారా, స్వస్థత కోసం ప్రార్థించండి, నేనూ ప్రార్థిస్తాను. కానీ దేవుడు చెప్పని వాగ్దానం ఆయన పేరున చేయకండి. ఇకమీదట నేను మెట్ల దగ్గర ఎవరితోనూ అలాంటి ఒప్పందం చేసుకోను.

ప్రభువా, అడిగినవారికి ప్రేమతో నిజం చెప్పే నోరు మాకివ్వు. ఆ సహోదరి పిల్లలను, ముఖ్యంగా ఆ చిన్న కూతురిని ఆదరించు. నన్ను క్షమించు. ఆమేన్.